కాకి ముద్ద తిన్న చిలక

మా చిలకకు వచ్చింది బెంగ అని ఫ్లాట్ల వాళ్ళంతా చెప్పినారు. అందరికంటే ముందు చెప్పింది నేనే. మా ఆయన పోయినాక ఆ ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. నాకు వచ్చిన బెంగ దానికి మాత్రం రాకుండా పోతాదా అనుకున్నాను.

చిలక అంటే పచ్చ చిలక కాదు. దాన్ని పంజరంలో పెడితే కేసవుతాదని చెప్పి, ఆయన పక్షుల అంగట్లో బూడిద రంగు సీమచిలక, కాకటీల్‌ని తెచ్చినాడు. తల మీద పసుప్పచ్చ కుచ్చు, బుగ్గన నారింజ రంగు బొట్టు, పెండ్లికొడుకు మాదిరి ఉండేది. పేరు పెట్టలేదు. పిల్లల్లేని ఇంట్లో పక్షిని పేరు పెట్టి పిలుచుకుంటా ఉంటే చూసేవాళ్ళు జాలిపడతారని నాకు రోషం. "ఏమప్పా" అంటే చాలు, తల తిప్పి చూసేది.

ఆయన పని బొమ్మసంద్రలో, ఫ్యాక్టరీలో. మా ఇల్లు మారతహళ్ళిలో. ఆ రోడ్డు మీద ట్రాఫిక్ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. సాయంత్రం కంపెనీ బస్సు దిగి, లిఫ్టెక్కి, మా అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఆయన ఒక ఈల వేసేవాడు. రెండు ముక్కల ఈల. మొదటి ముక్క పొట్టిది, రెండోది సాగదీసి. బెల్లు ఉండాది కదా, మేకల్ని తోలుకొచ్చినట్టు ఆ ఈలేంది అని తిట్టేదాన్ని. తిడతానే వంటింట్లో నుంచి "వస్తా ఉండా, ఉండప్పా" అని అరుచుకుంటా పోయి తలుపు తీసేదాన్ని. చిలక ఆయన ఈల నేర్చుకుంది. నా మాట నేర్చుకోలేదు. దానికి కూడా ఆయనంటేనే ఎక్కువ అని నాకు లోపల కొంచెం కడుపుమంట ఉండేది.

ఆయన పోయినాక కూడా అది ఈల మానలేదు. సాయంత్రం పక్కింటివాళ్ళు వచ్చి లిఫ్టు తలుపు చప్పుడైతే చాలు, రెండు ముక్కలూ తప్పు లేకుండా వేసేది. మొదట్లో ఆయనే వచ్చినాడని లేవబోయేదాన్ని. రానురాను దానికోసమే కాఫీ కలుపుకొని హాల్లో కూర్చునేదాన్ని. దినమంతా కలిపి ఆ ఇంట్లో నేను వినాలనుకున్న చప్పుడు అదొక్కటే. బదులు మాత్రం చెప్పేదాన్ని కాదు. ఎవరికి చెప్పేది?

అట్లాంటిది, ఉన్నట్టుండి ఈల ఆగిపోయింది. లిఫ్టు వచ్చేది, పోయేది, ఇది మూలన ముడుచుకొని కూర్చునేది. రెక్క కింద ఈకలు తానే పీక్కునేది. గింజలు బాగానే తినేది గానీ చేత్తో పట్టుకుంటే రొమ్ము ఎముక కత్తి అంచు మాదిరి తగిలేది. రెట్ట నీళ్ళు నీళ్ళుగా, భరించలేని కంపు. దాన్ని చూసి నాకు దుఃఖం వచ్చేది. ఇంకో మాట కూడా చెప్తా, ఏమనుకుంటారో అనుకోండి. ఆ దుఃఖంలోనే కొంచెం ఊరట ఉండేది. ఆయన అన్నదమ్ములు కర్మకు వచ్చి, తిని, బస్సులెక్కి పోయినారు. ఫోన్లు కూడా తగ్గిపోయినాయి. ఈ పిడికెడు పక్షి మాత్రం నాతో సమంగా ఆయన్ని తలచుకుని చిక్కిపోతా ఉండాది అనుకుంటే, ఒంటిదాన్ని కాదనిపించేది.

కానీ ఎముక ఇంకా పైకి తేలేసరికి భయం పట్టుకుంది. బెంగయినా ఇంకేదైనా, ఇది పోతే ఆ ఈల కూడా పోతాది. ఆయన గొంతు నా దగ్గర ఇంకెక్కడా లేదు. ఫోన్లో ఫోటోలుండాయి, మాట లేదు. పక్షుల్ని చూసే డాక్టరమ్మ ఒకామె ఉందని తెలుసుకొని, పంజరానికి తువ్వాలు చుట్టి ఆటో ఎక్కినాను.

ఎక్కేముందు నేను చేసిన పని వింటే నవ్వుతారు. డాక్టర్ దగ్గరికి గలీజుగా పోతామా అని పంజరం అంతా తోమి, ట్రే కడిగి, కొత్త పేపరు పరిచి, చిలకమీద కూడా గోరువెచ్చని నీళ్ళు చిలకరించి తీసుకుపోయినాను. డాక్టరమ్మ ట్రే చూసి, రెట్ట ఏదమ్మా అని అడిగింది. అంతా కడిగేసి తెచ్చినానని గొప్పగా చెప్పినాను. ఆమె నుదురు పట్టుకుంది. అప్పుడే వేసిన రెట్ట కావాలంట, ఆరిపోయిందైతే అందులో పురుగు చచ్చి కనిపించదంట. ఇంక ఇద్దరం ఆ చిలక వెనక చూస్తా కూర్చున్నాము. అది మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అంతసేపటికి ఒక చుక్క వేసింది.

ఆ చుక్కను గాజుపలక మీద ఉప్పునీళ్ళలో కలిపి చూసినా ఏమీ దొరకలేదు. ఈ పురుగు ప్రతి రెట్టలోనూ పడదు, పేపరు బదులు ప్లాస్టిక్ కవరు పరిచి రేపు కూడా తీసుకురమ్మనింది. మరుసటి దినం మళ్ళీ అదే ఆటో, అదే తువ్వాలు. ఈసారి మైక్రోస్కోపులో నన్ను కూడా చూడమనింది. చిన్న చిన్న గుండ్రటివి, ఎండుటాకు రాలేటప్పుడు తిరుగుతాదే, అట్లా తిరుగుతా ఉండాయి. ఒక్కోదానికి రెండేసి కండ్లున్నట్టు కనిపించింది. నన్నే చూసి నవ్వుతున్నట్టు అనిపించి మొహం పక్కకు తిప్పుకున్నాను.

"ఇది బెంగ కాదమ్మా," అనింది డాక్టరమ్మ. "కడుపులో చేరి, తిన్నదంతా ఇవి తినేస్తున్నాయి. దురదకే ఈకలు పీక్కుంటా ఉండాది."

ఆమె చెప్పింది కన్నడంలో, నేను జగడమాడింది కన్నడంలో. ఇప్పుడు మాత్రం అంతా తెలుగులో జరిగినట్టే గుర్తుండాది. బెంగ కాదని ఎట్లా చెప్తారు, ఆయన పోయినాకనే కదా ఇది ఇట్లా అయ్యింది అని గట్టిగానే అడిగినాను. జబ్బేందో తెలిసినందుకు సంతోషపడాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది. అంటే ఇన్నాళ్ళూ ఆయనకోసం ఏడ్చింది నేనొక్కదాన్నే. దానిది ఉత్త కడుపునొప్పి.

ఆమె కోపం తెచ్చుకోలేదు. నీళ్ళు ఎక్కడివి, తిండి ఏం పెడతావు, బయట పక్షులేమైనా వస్తాయా అని ఒక్కొక్కటే అడిగింది. అప్పుడు కాకి ముద్ద సంగతి బయటికొచ్చింది.

మా ఇంటి వాడిక అది. పోయినవాళ్ళకు ముద్ద పెట్టి, కాకి ముట్టుకున్నాకనే మనం తినేది. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు ఇంకా ఏదో కొరత ఉన్నట్టు. మిగతావాళ్ళు అమావాస్యకు పెడతారు, నేను దినమూ పెట్టేదాన్ని. మారతహళ్ళిలో కాకులెక్కడివి? బాల్కనీ గోడ మీద పప్పన్నం పెట్టి కా కా అని పిలిస్తే పావురాళ్ళు దిగేవి. తొక్కి, చిమ్మి, గలీజు చేసి పోయేవి. నేను ఆకలితో కాచుకొని కాచుకొని, ఆయనకేం కొరతో తెలియక కుమిలిపోయేదాన్ని. ఒక దినం ఆ మిగిలిన ముద్ద లోపలికి తెచ్చి చిలకకు చూపిస్తే టకటకా తినేసింది. కాకి కాకపోతే ఏముంది, దీనికీ రెక్కలుండాయి, ఆయన చేతి మీద పెరిగింది, ఆయనే తిన్నట్టు అనుకున్నాను. ఆ పొద్దు నేను కూడా కడుపు నిండా తిన్నాను. అప్పటినుంచి దినమూ అంతే. పావురాళ్ళు తొక్కిన అన్నం, చిలక నోట్లోకి, నా చేత్తోనే.

కచ్చితంగా దానివల్లనే అని చెప్పలేను గానీ, పావురాళ్ళ రెట్ట నుంచి ఇది రావచ్చు అనింది డాక్టరమ్మ. మందేసినా ఆ ముద్ద ఆపకపోతే మళ్ళీ వస్తాదని, ఇంకోసారి వస్తే ఇంత బక్క ప్రాణం తట్టుకోదని చెప్పింది. మా ఆయనకు పెట్టేది ఎట్లా ఆపేదని అడిగినాను.

"మీ ఆయనకు పెట్టద్దని నేను చెప్పను," అనింది. "దీనికి పెట్టద్దు."

ఆటోలో వస్తా దారంతా ఆ మాటే తలచుకున్నాను. నాకు ఆ రెండూ ఒకటే కదా, వేరు చేసేదెట్లా? ఇంటికి వచ్చి బాల్కనీ తలుపు వేసేసినాను. ఆ మధ్యాహ్నం ఆయనకు పెట్టకుండానే తిన్నాను. సగం తిని లేచినాను.

తరువాత అంతా దాని చాకిరీనే. తువ్వాల్లో చుట్టి పట్టుకొని, ముక్కు పక్కనుంచి డ్రాపరుతో మందు పోయాలి. చేదు మందు. సగం మింగేది, సగం నా మొహాన విదిలించేది. తాగే నీళ్ళు కాచి చల్లార్చాలి, గిన్నెలు కడిగి ఎండలో బాగా ఆరబెట్టాలి, తడి ఉంటే ఆ పురుగు చావదంట. పంజరంలో అది కూర్చునే పాత కట్టెలు పారేసి కొత్తవి పెట్టినాను. పొద్దున్నే వంటింటి తూకం మీద కూర్చోబెట్టి బరువు చూసేదాన్ని. మొదట్లో ఇంకా తగ్గింది. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, తినడం మానకుంటే చాలు, మానితే మాత్రం కష్టమనింది. ఒక పొద్దు గింజ ముట్టలేదు. నేను వేలి కొన మీద జావ పెట్టుకొని పంజరంలో చెయ్యి పెట్టి కూర్చున్నాను. చెయ్యి తిమ్మిరెక్కినాక అది వచ్చి నాకింది. అప్పుడు ఏడ్చినాను.

ప్రాణం కొంచెం కుదురుకున్నాక మందు వేళకు అరవడం మొదలుపెట్టింది. నేను వంటింట్లో డ్రాపరు కడుగుతా "వస్తా ఉండా, ఉండప్పా" అనేదాన్ని. ఇన్నాళ్ళు నోట్లోనే ఉండిపోయిన మాట, దానంతటది వచ్చేది. దినమూ అదే మాట, అదే అరుపుతో.

మందు అయిపోయింది, రెట్ట శుభ్రమైంది, రెక్క కింద కొత్త ఈకలు ముళ్ళ మాదిరి మొలిచినాయి. బరువు పెరిగింది. డాక్టరమ్మ మళ్ళీ చూసి ఏమీ లేదనింది. ఈల మాత్రం లేదు. అమావాస్యనాడు ముద్ద కిందికి తీసుకుపోయి కాంపౌండు గోడ మీద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చి, సబ్బుతో చేతులు కడుక్కొని పంజరం ముట్టుకున్నాను. కాకి వచ్చిందో లేదో తెలియదు. ఇప్పుడు కూడా తెలుసుకోను.

ఆ తరువాత ఒక సాయంత్రం గిన్నెలు కడుగుతా ఉంటే లిఫ్టు తలుపు చప్పుడైంది. వెంటనే ఈల. పొట్టి ముక్క, సాగిన ముక్క, రెండూ. చేతిలో గిన్నె సింకులో జారవిడిచినాను. ఈసారి బదులు చెప్పాల్సిందే అనుకున్నాను. నోరు తెరిచేలోపల హాల్లో నుంచి నా గొంతు వినిపించింది.

"వస్తా ఉండా, ఉండప్పా."

వంటింటి గడప దగ్గర తడి చేతులతో నిలబడిపోయినాను. అది మళ్ళీ ఆయన మాదిరి ఈల వేసింది, మళ్ళీ నా మాదిరి బదులు చెప్పింది. పంజరంలో ఆయనా నేనూ ఇద్దరం ఉండాము, ఇంట్లో నేనొక్కదాన్ని. ఆ మాటల్లో నేను చెప్పేదానికి ఏమీ మిగలలేదు. మిగిలిన పని ఒక్కటే. చేతులు తుడుచుకొని పోయి తలుపు తీసినాను. లిఫ్టు కిందికి దిగిపోతా ఉండాది. తలుపు కొంచెంసేపు అట్లే తీసి ఉంచినాను.