అటుక మీది గోడ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎక్కువ జాగా మనుషులది కాదు, మగ్గాలది. వరంగల్‌లో జంపఖానాలు నేసే వాడ మాది. కింద రెండు మగ్గాలు పోగా మిగిలిన చోట నలుగురు పడుకుంటే, ఐదో మనిషి కాళ్లు ముడుచుకోవాలి. ఆ ఐదో మనిషిని నేనే. అందుకే పాత కప్పు విప్పి కొత్తది వేయించేటప్పుడు, నేను పడుకోవడానికి పైన, కప్పు కిందే, అటుక కూడా వేయిద్దామన్నాడు మా నాయన.

నాయన మనసుపడింది రెండు వాలుల కప్పు మీద. ఇంటికి రెండు చివర్లా కప్పు కొన దాకా ముక్కోణపు గోడలు లేస్తాయి. అటుకలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తల వంచకుండా నడవొచ్చు, కిటికీ కూడా పెట్టుకోవచ్చు. అందరికీ నచ్చింది. నేను మాత్రం ఆ మాట ఎత్తగానే లేచి బయటికి పోయేదాన్ని. ముందటి ఎండాకాలం గాలిదుమారానికి పక్కింటి వాళ్ల ముక్కోణపు గోడ లోపలికే కూలింది. ఆ గోడ పక్కనే అటుకలో ఆ ఇంటి అక్క ఉంది. కాలు విరిగి చాలా రోజులు దవాఖానలోనే ఉండిపోయింది. రోజూ నాకు జడ వేసిన మనిషి, ఇంటికొచ్చాక గోడ పట్టుకుని నడిచేది.

భయమని నాయనతో ఎలా చెప్పను? ఇదంతా నీ కోసమే కదా అంటాడు. నోరు మూసుకున్నాను. అన్నం మాత్రం సహించేది కాదు.

నేను తినకుండా వదిలేసిన కంచం చూసి మా తాత కనిపెట్టాడు. ఒక సాయంత్రం ఈదురుగాలి మొదలవుతుంటే, అప్పుడే మగ్గం మీంచి కోసిన జంపఖానా భుజాన వేసుకుని నన్ను వాడ చివరి ఖాళీ జాగాకు తీసుకెళ్లాడు. ఒక అంచు నాకిచ్చి, రెండోది తాను పట్టుకున్నాడు.

"గోడ లెక్క నిలువుగ వట్టు బిడ్డా," అన్నాడు.

గాలి కొట్టింది. జంపఖానా పొట్ట ఉబ్బించుకుని నన్ను వెనక్కి ఈడ్చుకుపోయింది. కాళ్లు నేల మీద ఆనలేదు. చచ్చిపోతాననుకుని, ఏడుస్తూ అంచు వదిలేశాను. తాత మాత్రం తన అంచు వదల్లేదు. ఓదార్చనూ లేదు, మళ్లీ చేతికిచ్చాడు. ఈసారి కింది కొసను కాలితో తొక్కిపట్టి, పై కొసను గాలి పోయే దిక్కుకు బాగా వాల్చమన్నాడు. గాలి వచ్చింది. జంపఖానా అదిరింది, కానీ గాలి మా మీదుగా జారిపోయింది.

"నాలుగు దిక్కుల వాలు వెడితే గిట్లుంటది. గోడ లేవదు. గని అటుక జర చిన్నగైతది, తల తాకుతది. అండ్ల పండేది నువ్వు. ఏది గావాల్నో నువ్వే చెప్పు."

"గోడ వద్దు తాతా, నాకు భయమైతాంది." ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు.

"నాక్కూడ భయమే. మీ నాయనకు చెప్పుదాం పా," అన్నాడు.

నాయన మూతి ముడుచుకున్నాడు, అయినా విన్నాడు. నాలుగు వాలుల కప్పే వేయించాడు. ఆ వాసాలకు నా నెత్తి ఎన్నిసార్లు బొప్పి కట్టిందో. మరుసటి ఎండాకాలం దుమారం వచ్చినప్పుడు అటుకలో ఒక్కదాన్నే ఉన్నాను. నిచ్చెన దాకా వెళ్లకుండా మూలకు ముడుచుకున్నాను. పెంకులు గలగలమన్నాయి, కొన్ని ఎగిరిపోయి వాన నా మీదే పడింది. దుప్పటి నోట్లో కుక్కుకుని, కూలడానికి ఇక్కడ గోడ లేదు, గోడ లేదు అనుకుంటూ కూర్చున్నాను. కింద తాత మగ్గం చప్పుడు ఆగలేదు. ఆ చప్పుడే నాకు ధైర్యం. గాలి తగ్గాక దిగి చూస్తే, ఆ కాసేపట్లో ఆయన నేసిందంతా వంకర.

ఇప్పుడు మా కొడుకు వర్ధన్నపేట రోడ్డులో ఇల్లు కడుతున్నాడు. కప్పు కింది గది మనవరాలికట. ఫోనులో రకరకాల కప్పులు చూపించి, రెండు వాలులది, చివర మొత్తం అద్దం పెట్టింది బాగుందంటాడు. "ఇనుమున్నది, సిమెంటున్నది, ఫికర్ జెయ్యకమ్మా," అంటాడు. నిజమే కావచ్చు. గాలి లేస్తే మాత్రం నాకు ఇప్పటికీ భయమే. ఆ భయాన్ని తాత పోగొట్టలేదు, దాచుకోకుండా చెప్పుకోవడం నేర్పాడు. ఆ అద్దం గది బొమ్మ చూసి పిల్ల ఏమీ అనలేదు. నేనూ అలా నోరు మూసుకున్నదాన్నే కదా. నిన్న సాయంత్రం గాలి మొదలవగానే దాన్ని డాబా మీదికి తీసుకెళ్లి, జంపఖానా ఒక అంచు చేతికిచ్చాను. రెండో అంచు నేను గట్టిగా పట్టుకున్నాను.