ఎమిల్ మొత్తం లెక్క

ఎమిల్ వొంద్రాచెక్‌కి ఒకటే పిచ్చి. దేన్నీ విడిగా వెలకట్టడు. ముందు మొత్తానికో ధర వేయాలి, ఆ తర్వాత పొడవును బట్టి పంచాలి. రైలు కంపెనీల మీద ఆస్తిపన్ను లెక్క వేసేది అలాగే మరి: ఏ కౌంటీలో, అంటే జిల్లాలో, ఎన్ని మైళ్ళ పట్టాలుంటే దానికంత వాటా. నెబ్రాస్కాలోని పన్నుల ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఆ పనే చేసి చేసి, పద్ధతి కాస్తా ఒంట్లోకి ఇంకిపోయింది.

ఆయన కొట్లోకి అడుగుపెడితే బేకరీ ఆవిడ గుండెల్లో రాయి పడేది.

"కొలాచీ బన్ను ఒక్కోటి ముప్పై సెంట్లండీ! ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఒక్కదానికి విలువేముందమ్మా? పళ్ళెం మొత్తం ఎంతో చెప్పు. పొడవెంత?" అంటూ ఎమిల్ జేబులోంచి టేపు తీసేవాడు. వెనక వరుసలో నిలబడ్డవాళ్ళు చల్లగా పక్క కొట్టుకి జారుకునేవారు.

దుప్పటంతా తనే లాక్కుంటున్నాడని భార్య బ్లాంకా ఓసారి నిలదీసింది. "నా పొడవు ఆరడుగులు, నీది ఐదు. వాటా సరిగ్గానే ఉంది" అన్నాడు. ఆవిడ మర్నాడే వేరే దుప్పటి కొనుక్కుంది.

ఆఫీసులో పక్క బల్ల ఆర్డిస్‌ది. ఇరవై ఏళ్ళుగా ఆయన లెక్కలన్నీ టైపు చేసేది ఆవిడే. ఓ ఏడాది విచారణలో రైలు కంపెనీ వకీలు లేచి, ఓ మారుమూల కౌంటీకి పోయే లైను ఏడాదిలో పది నెలలు ఖాళీగా పడుంటుందనీ, దాన్ని పాత ఇనుము ధరకే లెక్కేయాలనీ వాదించాడు.

"మీ ఇంట్లో ఆవుందా బాబూ?" అన్నాడు ఎమిల్.

"లేదు."

"ఉంటే తెలిసేది. ఆవు వెనక్కాలు పాలివ్వదు. అలాగని కాలు నరికేసి పాలు పిండుతావా?"

వకీలు కళ్ళజోడు తుడుచుకున్నాడు. మైళ్ళ లెక్కన ఆ కౌంటీ వాటా ఆ కౌంటీకి వచ్చింది. ఆ పన్ను డబ్బుతో నడిచే అక్కడి బడి మూతపడలేదు.

ఓ వసంతంలో హాల్వర్సన్ అని కొత్త డైరెక్టరు వచ్చాడు. ఎమిల్ విభాగంలో నలుగురూ ఎవరెంత పని చేశారో విడివిడిగా అంకెలు వేసి ఇమ్మని ఎమిల్‌కే చెప్పాడు. అందరికన్నా అడుగున ఉన్నవాళ్ళు జూన్‌లో ఇంటికి పోవాలి. ఆర్డిస్‌కి మధ్యాహ్నం అన్నం సయించలేదు. కళ్ళలో శుక్లాలు, టైపు నిండా తప్పులు, పెన్షన్‌కి ఇంకా ఏడాదిన్నర. అడుగున ఉండేది ఎవరో వేరే చెప్పాలా?

"నిజమే రాయి ఎమిల్. నా కోసం అబద్ధాలొద్దు."

"నేనెప్పుడైనా అబద్ధం రాశానా?" అన్నాడు, కాగితంలోంచి తల ఎత్తకుండానే.

సోమవారం హాల్వర్సన్ జాబితా పట్టుకుని ఊడిపడ్డాడు.

"ఎమిల్ గారూ, ఏమిటండీ ఇది? నలుగురి పనీ కలిపి ఒకే అంకె వేసి, బల్లల పొడవును బట్టి పంచుతారా?"

"ఆవిడ టైపు చేయకపోతే నా లెక్క గడప దాటదు. నేను లెక్క వేయకపోతే ఆవిడకి టైపు చేయడానికేం లేదు. విడదీసి ఎలా చెప్పమంటారు?"

"సరే, ఆర్డిస్ గారు అందరికన్నా పైనెలా ఉన్నారు?"

"కొలుచుకోండి" అని టేపు చేతికిచ్చాడు.

ఆర్డిస్ అప్పుడు తేరిపార చూసుకుంది. పొద్దున తన బల్లకి ఇంకో బల్ల ఆనించి ఉంటే, ఫైళ్ళ కోసం ఎవరో వేశారనుకుంది. దాని మీద ఎమిల్ సిరా మరకలున్నాయి. ఎమిల్ కిటికీ గట్టు మీద కాగితాలు పరుచుకుని స్టూలు మీద కూర్చునున్నాడు.

"మరి అడుగున, సున్నా ఎవరిది?" అన్నాడు హాల్వర్సన్.

"నాదే. నాకు బల్ల లేదుగా."

"మిమ్మల్ని పంపేస్తే వచ్చే నెల రైలు వకీళ్ళతో ఎవరు వాదిస్తారు? నేనా?" హాల్వర్సన్ జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈ ఏడాదికి ఎవర్నీ తీయడం లేదు" అని గొణిగి వెళ్ళిపోయాడు.

ఆర్డిస్‌కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఈ పిచ్చి మనిషి మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు ఆవిడకి.

"నీ బల్ల నువ్వు తీసుకుపో ఎమిల్. నడుం పట్టేస్తుంది."

"నీ కంటి ఆపరేషన్ అవనీ, తీసుకుంటాలే" అన్నాడు ఎమిల్, గట్టు మీద వంగి రాసుకుంటూ.