జపాను కుర్రాడి పళ్ళెం

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఈ లోకంలో లేదు. ఇరవై నాలుగేళ్ళ వయసులో, మూడేళ్ళ కూతుర్ని అత్తగారికి అప్పజెప్పి, సౌదీలో ఖతీఫ్ అనే ఊళ్ళో ఇంటిపనికి చేరిన మనిషికి అంత ధీమా ఎక్కడిదని మీరు అడగవచ్చు. భాష రాని చోట మన మాట తప్పనేవాళ్ళు ఉండరు కదా, అదీ ధీమా. నాకు వచ్చిన అరబీ ఏ పాటిదంటే చీపురు, నీళ్ళు, రా, పో, అయిపోయింది, చచ్చిపోయింది (ఈ ఆఖరి మాట బొద్దింకల కోసం నేర్చుకున్నాను). ఆ నాలుగు ముక్కలతో ఒక ఇంటిని దుఃఖంలో ముంచవచ్చని మాత్రం నాకు అప్పటికి తెలియదు.

నా పని ముఖ్యంగా ఆ ఇంటి పెద్దావిణ్ణి చూసుకోవడం. ఆవిణ్ణి మామా కబీరా అనేదాన్ని, మన లెక్కన పెద్దమ్మగారు. ఆవిడ కొడుకు నాకు వీసా ఇచ్చిన కఫీలు, ఆయన్ని బాబా అనాలి. తల్లి లేని మనవణ్ణి పెద్దావిడే పెంచింది. ఆ పిల్లవాడు చదువుకోడానికి జపాను వెళ్ళాడు. వెళ్ళేముందు, నేనుండే దేశం ఎలా ఉంటుందో చూస్తూ ఉండు నానమ్మా అని టీవీలో ఒక జపాను సీరియల్ పెట్టి మరీ వెళ్ళాడు. ఉద్దేశం మంచిదే గానీ, పేరు చూసి పెట్టాడో బొమ్మ చూసి పెట్టాడో, అది యుద్ధకాలం నాటి కథ. ఒక ఇల్లు, అందులో ఒక తల్లి, అత్తగారు, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దకొడుకుని సైన్యంలోకి పట్టుకుపోయారు. విమానాల సైరను కూత వినబడగానే అందరూ పెరట్లో తవ్వుకున్న గోతిలోకి దూరతారు. బియ్యం ఉండవు, చిలగడదుంపలు ఉడకబెట్టి ఆ నీళ్ళే పంచుకుంటారు. మాటలేమో జపాను భాషలో, కింద అక్షరాలేమో అరబీలో. పెద్దావిడకు చదువు రాదు, నాకు అరబీ రాదు. అయినా రోజూ సాయంత్రప్పూట అసర్ నమాజు అయ్యాక, గావా అనే వాళ్ళ కాఫీ ఫ్లాస్కు మధ్యలో పెట్టుకుని ఇద్దరం కూర్చునేవాళ్ళం. కథ మేమే అల్లుకునేవాళ్ళం. ఆవిడ అత్తగారి పక్షం, నేను కోడలి పక్షం. ఇంట్లో ఉన్న ఇత్తడి, ఇనుప సామాన్లన్నీ సర్కారువాళ్ళు పట్టుకుపోయిన రోజున మాత్రం ఇద్దరం ఒకటైపోయి వాళ్ళని చెడతిట్టాం. టీ కాచుకునే గిన్నె కూడానా అని ఆవిడ సాయంత్రం దాకా గొణుగుతూనే ఉంది.

ఒకరోజు సీరియల్లో ఆ తల్లి కొడుకు ఫోటోని బల్లమీద నిలబెట్టి, దాని ముందు గిన్నెలో ఇంత అన్నం పెట్టి, పక్కన పులుసు, వాళ్ళు తినే పుల్లలు సర్ది, తల వంచింది. ఫోటో ముందు అన్నం అంటే ఇంకేముంది? మా ఇళ్ళలో పెద్దకర్మ నాడు పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి అలాగే పెడతాం. నేను గావా కప్పు కింద పెట్టి, వచ్చిన అరబీ అంతా కూడగట్టి, "మామా, వలద్ మాత్. ఖలాస్" అన్నాను. పిల్లాడు పోయాడు, అయిపోయింది అని. ఆవిడ తెల్లబోయింది. ఎవరూ ఏడవడం లేదేం అని సైగ చేసింది. నేను గుండెమీద చెయ్యి వేసుకుని, లోపల ఏడుస్తారు వీళ్ళు అని చెప్పాను (జపానువాళ్ళ గురించి నాకు అంత లోతుగా తెలుసన్నమాట). ఆవిడ ప్రార్థన ఏదో చదువుకుని టీవీ కట్టేయమంది.

అక్కడితో ఆగితే బాగుండును. మర్నాడు ఆవిడ అన్నం ముట్టలేదు. ఆ మర్నాడూ ఖర్జూరం ఒకటి కొరికి పక్కన పెట్టేసింది. షుగరు మనిషి, సూది వేసుకుని తినకపోతే కళ్ళు తిరిగి పడిపోతుంది. నేను ముద్ద కలిపి నోటిదాకా తీసుకెళితే, నావాడికీ అదే ఈడు అంటుంది. మనవణ్ణి వెనక్కి పిలిపించమని కొడుకుతో పోరు మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే నాకు రెండేళ్ళు నిండి, ఇంటికి వెళ్ళే సెలవు దగ్గరపడింది. పాపకి గౌన్లు కొని పెట్టె అడుగున సర్దుకుని రోజుకోసారి తీసి చూసుకుంటున్నాను. ఆ ఇంటి డ్రైవరు రాయచోటి ఆయన, నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయన వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి పిలిచాడు.

"ఏందిమ్మా నువ్వు జేసిన పని? ముసలామె తిండి మానేసిందంట. ఆమె సక్కంగా తినేదాకా నీ ఛుట్టీ లేదంటాండాడు బాబా."

"అయ్‌బాబోయ్, అదేంటన్నా! నేనేం చేశాను? సీరియల్లో కుర్రోడు పోయాడు, పోయాడని చెప్పాను."

"పోయినాడని నీకెవురు జెప్పినారు?"

"ఒకళ్ళు చెప్పాలేంటి? ఫోటో ఎట్టి, దాని ముందర అన్నం ఎడితే ఏంటర్థం? మా ఊళ్ళో పసిపిల్లల్నడుగు."

ఆయన నావైపు జాలిగా చూసి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా నాకు ఏడుపు ఆగలేదు. జపానులో ఎప్పుడో జరిగిన యుద్ధం నా సెలవు మీదికి వచ్చి పడుతుందని ఎవరనుకుంటారు చెప్పండి.

శుక్రవారం ముందు రోజున పెద్దావిణ్ణి ఆసుపత్రిలో చూపించి తిరిగి వస్తున్నాం. కారులో ఉండగా మనవడు వీడియో కాల్ చేశాడు. నానమ్మని చూడగానే, ఇలా చిక్కిపోయావేం అని అడిగాడు. ఆవిడ ఆ జపాను కుర్రాడి చావు మొదటినుంచి చివరిదాకా చెప్పి, నమ్మకపోతే దీన్ని అడుగు అని ఫోను నా మొహానికి తిప్పింది. నేను నా సాక్ష్యం తెలుగులో చెప్పాను. ముందు సీట్లోంచి డ్రైవరన్న దాన్ని అరబీలోకి మార్చాడు. పిల్లవాడు పగలబడి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి నెమ్మదిగా ఏదో చాలాసేపు చెప్పాడు. డ్రైవరన్న కారు పక్కకి ఆపి వెనక్కి తిరిగాడు.

"ఇన్యావామ్మా? అది సచ్చినోళ్ళకు గాదంట. యాడికో దూరం పోయినోడు ఆకలితో ఉండగూడదని ఇంట్లోవాళ్ళు వాని వాటా తీసి పెడ్తారంట. బతికుండాడనుకుంటేనే పెడ్తారంట. ఈ పిల్లోడు జపానులో ఉండే ఇంటి ముసలామె వాళ్ళమ్మ గూడ ఆ యుద్ధంలో అట్లనే పెట్టేదంట. నువ్వు బతికుండేవోనికి దినాలు జేసేస్తివి గదమ్మా!"

సిగ్గుతో నేను తల ఎత్తలేదు. పెద్దావిడ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. ఆకలేస్తోంది అంది. డ్రైవరన్న తనకోసం కొనుక్కున్న రొట్టె, పప్పు ఇస్తే అక్కడికక్కడే ఒక్క ముక్క మిగలకుండా తినేసింది. ఆవిడ నములుతుంటే నాకు విమానం చప్పుడు వినబడినంత ఆనందం వేసింది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో కొత్త పద్ధతి వచ్చింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర మనవడి చోట ఒక పళ్ళెం. ఫోటో గీటో ఏమీ లేదు, ఆవిడ మతంలో అది తప్పు. వాడి వాటా వాడికి తీసిపెట్టి, తర్వాత డ్రైవరన్నకి పంపేది. ఆయన కూడా ఒక తల్లి కన్నబిడ్డే కదా అనేది. మూడోనాడో నాలుగోనాడో ఆ పళ్ళెం పక్కన ఇంకో చిన్న గిన్నె కనబడింది. అందులో నాలుగు ముద్దల అన్నం, ఎముక తీసిన కోడి ముక్క, ఒక ఖర్జూరం. ఎవరికి మామా అంటే, నీ కూతురికి అంది.

జపాను ఆచారం ఎంత వివరంగా చెప్పినా, ఎదుట లేని బిడ్డకి అన్నం పెట్టడం అనేసరికి నాలో మా ఊరు లేచి కూర్చుంది. లా లా మామా, వద్దు వద్దు అంటూ గిన్నె లాగేసుకుని వంటింట్లోకి పరిగెత్తాను. ఆవిడ కర్ర పట్టుకుని నెమ్మదిగా నా వెనకే వచ్చింది. ఆవిడ అన్నది నాకు అర్థమైనంత మటుకు ఇది: "నీ బిడ్డ బతికే ఉంది కదా. ఈ పూట ఏం తిందో నీకు తెలుసా?"

నాకు తెలియదు. రెండేళ్ళుగా రోజూ ఫోనులో తిన్నావా అని అడుగుతున్నాను, ఏం తిన్నావని ఎన్నడూ అడగలేదు. గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చాను. ఎవరు తినాలి మరి ఇది అని అడిగితే, తల్లి తినక ఎవరు తింటారు అంది. తిన్నాను. ఆ రోజూ, ఆ తర్వాత ప్రతిరోజూ, నా అన్నం అయ్యాక పాప వాటా కూడా మెతుకు వదలకుండా తిన్నాను. మానేస్తే ఆ పూట పాప పస్తుంటుందన్నంత భయం పట్టుకుంది. బాబాకి పనులేవో అడ్డం వచ్చి సెలవు మరికొన్ని నెలలు ఆలస్యమైంది, గిన్నె మాత్రం ఏ రోజూ తప్పలేదు. సీరియల్లో జపాను కుర్రాడు ఇంటికి చేరాడో లేదో చూడకుండానే నా టిక్కెట్టు వచ్చేసింది.

ఊళ్ళో దిగేసరికి నేను గుమ్మం పట్టనంత అయ్యాను. ఎడారికెళ్ళి ఇలా నిగనిగలాడతావేంటే అని వీధి వీధంతా ఆశ్చర్యపోయింది. పాప మాత్రం పుల్లలా ఉంది. అత్తగారి కొంగు వెనక నిలబడి నన్ను చూస్తోంది. "దీని ఒంట ఏదీ పట్టదమ్మా, ఎంత తినిపించినా అంతే" అని ఆవిడ నొచ్చుకుంది. నేను దాన్ని దగ్గరకి లాక్కుంటే చేతికి ఎముకలే తగిలాయి. ఆ పిచ్చిపిల్లని, అంటే నన్నే, ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తుంది. "నీ అన్నం కూడా నేనే తినేశానే" అన్నాను దానితో. అది నా మొహంలోకి చూసి, "నాకు పెట్టకుండానా?" అంది.