వదులు చేసిన మర

"ఆ మర తిప్పింది నువ్వేనా, కాదా? ముందది చెప్పు!"

"తిప్పాను. అయితే ఏంటంటారు? మీ పెదాలు నీలం తిరుగుతుంటే గుడ్లప్పగించి చూడమంటారా?"

"నువ్వు నన్ను..." అని ఆగిపోయాడు బాబాయ్. కోపం తగ్గి కాదు, ఊపిరందక. పిన్నీ ఆగింది. ఆయన మోకాళ్ల మీద చేతులు ఆనించి, పెదాలు సున్నా చుట్టి గాలి వదిలేదాకా ఉండి, "ఊఁ, ఇప్పుడు తిట్టండి" అంది.

వాళ్ల వాటాకీ నా గదికీ మధ్య ఉన్నది చెక్క గోడ. చెవులు మూసుకోవచ్చు. మూసుకోలేదు.

బాబాయ్ నాకు చుట్టమేం కాదు. పరుపుల మేస్త్రి. మీసాలు రాకముందు నుంచీ దూది ఏకిన మనిషి. ఆ నుసి ఎంత మింగాడో, దాని మీద సిగరెట్లు ఎన్ని తగలేశాడో, ఊపిరితిత్తులు పాడైపోయాయి. "కుక్కి కుట్టేసిన పరుపులో ఇంకో పిడికెడు దూది పడుతుందా? నా ఛాతీ అంతేరా. పాత గాలి పోదు, కొత్త గాలికి చోటు లేదు" అనేవాడు.

ఛాతీ అడుగున గొడుగులాంటి కండ ఉంటుందట. ఊపిరి లాగేది అదేనట. ఉబ్బిన ఊపిరితిత్తులు దాన్ని నొక్కి చదును చేశాయని ఆస్పత్రిలో కసరత్తులు నేర్పే ఆవిడ చెప్పింది. ఆ కండకి బలం రావడానికి పిడికిట్లో పట్టేంత గొట్టం ఇచ్చింది. నోట్లో పెట్టుకుని గాలి లాగాలి. దాని చివర ఉన్న మర బిగించేకొద్దీ లాగడం కష్టం. మెల్లమెల్లగా బిగించుకుంటూ పొమ్మంది.

మొదట్లో నానా యాతన పడ్డాడు. తర్వాత ఉన్నట్టుండి సులువైపోయింది. గుమ్మంలో కూర్చుని, పోయేవాళ్లని ఆపి మరీ లాగి చూపించేవాడు. పిన్ని మొహం చాటంత చేసుకుని మెచ్చుకునేది. ఇప్పుడు ఆయన పరుపుల దుకాణం చూసుకుంటున్న తమ్ముడొచ్చి, "నీ బల్ల నీకే ఉంచాను అన్నయ్యా" అనేవాడు. పరుపులు కుట్టే ఆ బల్ల దగ్గరికి మళ్లీ పోవాలి. బాబాయికి అంతకుమించి కోరికే లేదు.

ఇవాళ పొద్దున దుకాణానికి వెళ్లాడు, నన్ను తోడు తీసుకుని. మెట్లు ఎలాగో ఎక్కాడు. బల్ల మీద ఎవరిదో కత్తెర, ఎవరిదో కళ్లజోడు. వాటిని పక్కకి నెట్టి పరుపు ఎత్తబోయాడు. చేతులు భుజాల దాకా లేచాయో లేదో, మెడ నరాలు తాళ్లలా తేలాయి. ఉన్నచోటే జారిపోయాడు. ఆ పరుపు మీదే పడుకోబెట్టాం.

తమ్ముడు గాభరాలో నోరు జారాడు. "మర వదులు చేశానని వదిన చెబుతూనే ఉంది. నిజంగా వచ్చేస్తాడని ఎవరనుకున్నారు!"

ఆ గొడవే ఇది.

"బిగిస్తే దిగాలుగా పడుకునేవారు. వదులు చేస్తే నవ్వారు. నేనేం చెయ్యను?" అంది పిన్ని.

"నవ్వింది నేను కాదే. మీరంతా నన్ను చూసి నవ్వుకున్నారు."

తలుపు తెరుచుకుంది. బాబాయ్ గోడ పట్టుకుని వచ్చి నా మంచం మీద కూలబడ్డాడు. ఊపిరి కూడగట్టుకుని అన్నాడు.

"రేపు ఆ కసరత్తులావిడ దగ్గరికి నువ్వెళ్లు. నన్ను తీసుకుపోకు. నా మొహం చూస్తే ఆవిడా తియ్యటి మాటలే చెబుతుంది. నేను మళ్లీ పరుపు కుట్టగలనా, లేదా... అడుగు. ఏమందో, ముక్క తగ్గించకుండా చెప్పు. మీ పిన్నికి కాదు. ముందు నాకు."