చెవుల్లోని దూది లాగేసే మేస్త్రి

ఆదోనిలో మా నాన్న పనిచేసిన పత్తి జిన్నింగ్ మిల్లు మేస్త్రికి ఒక అలవాటు ఉండేది. మిషన్ల రొద భరించలేక కూలీలు చెవుల్లో దూది పెట్టుకుంటే, వెనకనుంచి వచ్చి వేలితో లాగి పారేసేవాడు.

“చెవులు మూసుకుంటే నా మాట ఎట్ల ఇనపడతాదప్పా?”

“తీసినా ఇనపడదులేన్నా, ఈ మిషన్ల కాడ,” అని నాన్న నవ్వేవాడు.

మిల్లు కొన్న చెవి తొడుగులు ఆఫీసు బీరువాలోనే ఉండేవి. తనిఖీ రోజున మాత్రం బయటికి తీసేవాళ్లు.

కొన్నేళ్లకు నాన్నకు వినికిడి పోయింది. పోయిన ఏడాది మిల్లు ఆవరణలోనే, వెనక్కి వస్తున్న లారీ కింద పడి చనిపోయాడు. మూడో రోజున మేస్త్రి మా ఇంటికి వచ్చాడు.

“డ్రైవర్ తప్పేం లేదమ్మా. ఎంత హారన్ కొట్టినా మీ నాయన పక్కకు జరగల్యా,” అన్నాడు నాతో.

అమ్మ ఆయనకు మంచినీళ్లు తెచ్చింది. నేను ఆ చెంబు ఆమె చేతిలోంచి తీసుకుని లోపల పెట్టాను.