ఎర్ర పెన్సిల్ సారు, నలభై దుప్పట్లు

ఇంజనీరు గారు వినకుండా పనివాళ్ళంతా ఆయన్ని ఎర్ర పెన్సిల్ సారు అనేవారు. సామాన్ల జాబితా కనబడితే చాలు, ఎర్ర పెన్సిల్‌తో నాలుగు వస్తువులు కొట్టేస్తే తప్ప ఆయనకు అన్నం సహించేది కాదు. భార్య రాసిచ్చిన సరుకుల చీటీకి కూడా మినహాయింపు లేదు.

అలాంటి మనిషికి కొండకొమ్మున సైనికుల బారక్ కట్టించే పని అప్పగించారు. లారీలు మూడు రోజులు ఎక్కితే గానీ చేరని చోటు. మంచు పడితే దారి మూతపడుతుంది. ఆలోగా స్లాబు నిలవకపోతే అక్కడి సైనికులు చలికాలమంతా గుడారాల్లో వణకాల్సిందే. అది తెలిసే సారు ఒక్క సిమెంటు బస్తా కూడా తగ్గించలేదు. పనివాళ్ళకు వండిపెట్టే వంటాయన రాసిన ‘అదనంగా నలభై దుప్పట్లు’ మీద మాత్రం పెన్సిల్ పడింది.

“కొండమీద చలి చెప్పి రాదు సారూ,” అన్నాడు వంటాయన.

“మనం వెళ్ళేది పడుకోడానికా, పని చెయ్యడానికా?”

సారు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

తీరా స్లాబు పోసిన సాయంత్రమే, అనుకున్నదానికి రెండు వారాల ముందుగా, గడ్డకట్టే చలి దిగింది. పచ్చి కాంక్రీటులో నీళ్ళు గడ్డకడితే స్లాబు పొడిపొడిగా రాలిపోతుంది. కప్పడానికి ఉన్న గోనెసంచులు సగానికే వచ్చాయి. ఇప్పుడు సారు అందరినీ దుప్పట్లు అడగాలి, అడగడానికి మొహమేదీ?

వంటాయన తిన్నగా సారు గుడారంలోకి వెళ్ళి, ఆయన దుప్పట్లు రెండూ చంకన పెట్టుకొచ్చి స్లాబు మీద పరిచాడు. ఆ వెనకే మేస్త్రీ, కూలీలు, సైనికులు ఎవరి దుప్పటి వాళ్ళు మోసుకుంటూ నిచ్చెన ఎక్కారు.

“మీకు చలి కాదూ?” అన్నారు సారు.

“ఒక్క రాత్రేగా సారూ. ఇది రాలిపోతే చలికాలమంతా చలే,” అన్నాడో సైనికుడు.

తెల్లవార్లూ అందరూ వంటపొయ్యి చుట్టూ ముడుచుకు కూర్చున్నారు. సారుకు పొయ్యికి దగ్గరగా చోటిచ్చారు. తిట్టి ఉంటే బాగుండేది, ఆ మర్యాదకే ఆయన సిగ్గుతో చితికిపోయారు.

స్లాబు నిలిచింది.

రిటైరయ్యాక కొత్త ఇంజనీర్లకు అనుభవాలు చెప్పమని సారును పిలిచారు. ముందురోజు కూర్చుని పన్నెండు పాఠాలు రాసుకున్నారు. అలవాటు ఎక్కడికి పోతుంది, ఎర్ర పెన్సిల్ తీసి ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చారు. కాగితం మీద చివరికి ఒకటే మిగిలింది.

‘కొట్టేసే ముందు వంటాయన్ని అడగండి.’