ఎదుటి టీం సారు

కోచ్ లేని పిల్లలకు కబడ్డీ నేర్పిస్త అని మా కోచ్ సారు బయల్దేరితే, మా కాలేజీ పాత విద్యార్థుల కమిటీ అడ్డం పడ్డది. "ఎదుటి కాలేజీ గేటు తొక్కితే వచ్చే ఆదివారం మ్యాచ్‌ల మన టీం పక్కన కూసోనియ్యం" అన్నరు. ఇది తప్పు. మొకం మీదనే చెప్తున్న. ఎందుకు తప్పో తెలవాలంటే, ఆ పిల్లలు ఎవరిని పోగొట్టుకున్నరో తెలవాలె.

ఎదుటి కాలేజీ కబడ్డీ కోచ్ పోయిన సోమవారం పొద్దుగాల చనిపోయిన్రు. గుండెపోటు. దవాఖానకు తీస్కపోయేలోపలనే అయిపోయింది. నేను ఫ్యాక్టరీల పొద్దటి షిఫ్ట్‌ల ఉన్న. మా పాత టీం గ్రూపుల ఖబర్ వచ్చింది. దాని కింద ఒకడు "ఇగ ఈసారి కప్పు మనదే" అని రాసిండు. చేతుల పానా కింద పెట్టి వానికి ఫోన్ చేసిన. ఏం తిట్టిన్నో ఇక్కడ రాస్తే మీరు సదవలేరు.

నేను డిగ్రీ మధ్యలనే ఇడిసినోణ్ణి. రాసుడు నాకెవరు నేర్పలే, పేపర్లు సదివి నేర్చుకున్న. ఆట మాత్రం ఇద్దరు నేర్పిన్రు. ఒకరు మా సారు. ఇంకొకరు ఈయన, మమ్మల్ని ఓడగొట్టి ఓడగొట్టి నేర్పిన్రు.

జహీరాబాద్‌ల ఈ రెండు కాలేజీలకు పడది. చాయ్ హోటల్ల కూడ ఒక బల్ల కాడ కూసోరు. ఏటా ఒక్క మ్యాచ్, దాని గురించి ఏడాదంత కొట్లాట. గిసొంటి దాంట్ల ఆ సారు ఏం చేస్తుండెనో చెప్త.

వాళ్ల గ్రౌండ్ ఎర్రమట్టి. మ్యాచ్ రోజు తవ్వి, నీళ్లు చల్లి, రాళ్లు ఏరి మెత్తగ చేస్తరు. ఎవరైన ముందు తమ దిక్కు చూసుకుంటరు. ఈయన ప్యాంటు మడిచి, చెప్పులిడిచి, ముందు మేము నిలబడే దిక్కు ఏరుతుండె. తన టీం పిల్లలను కూడ ఏరనీకి అక్కడనే కూసోబెడుతుండె. "మా దిక్కే ఎందుకు సార్ ముందు?" అని అడిగితే, "మీరే కదరా ఎక్కువ పడేది" అన్నరు.

మా కెప్టెన్‌ది చిరాగ్‌పల్లి. వానికి అనుమానం పుట్టింది. "మన దిక్కు గంత సేపు కూసుండి ఏం చేస్తున్నడు? నిమ్మకాయ గిట్ల ఏమన్న పాతుతున్నడా?" అన్నడు. మేమందరం నమ్మినం. టాస్ గెలవంగనే వాడు ఛాతి ఇరిసి, "మాకు మీ దిక్కు కావాలె" అన్నడు. సారు మొకం చూడాల్సింది. నవ్వు ఆపుకుంట "తీస్కోన్రి నాయ్నా" అన్నరు. ఆ దిక్కు రాళ్లు ఇంక సగం కూడ ఏరలే. మొదటి పట్టుకే మా కెప్టెన్ మోకాలు చెక్కుకపోయింది.

సారు లేచి రెఫరీని ఆపిన్రు. "జర ఆగున్రి సార్. పాపం, వీళ్లు తెలివెక్కువై దెబ్బ తిన్నరు." రెండు టీములను కలిపి రాళ్లు ఏరిపిచ్చిన్రు. ఆడెటోళ్లందరం గొంతు కూసుండి ఏరుతుంటే చుట్టుపక్కల ఒకటే ఈలలు. "పొలంల కలుపుకు వస్తరా తమ్మీ, కూలి ఇస్తం" అని ఒక ఝరాసంగం పెద్దమనిషి ఒర్రిండు. మా కెప్టెన్ ముందు మొకం మాడ్చుకున్నడు, తర్వాత వాడే ఎక్కువ నవ్విండు. ఆ మ్యాచ్ ఓడిపోయినం. అది వేరే సంగతి.

"కాళ్లు పగిలినోళ్ల మీద గెలిస్తే ఇంటికి పోయి ఏమని చెప్పుకుంట?" ఇది ఆయన మాట. ఉపన్యాసం లెక్క చెప్పలే, చేతుల మట్టి దులుపుకుంట అన్నరు.

న్యాల్‌కల్ దిక్కు మనిషి, మాటల కన్నడ కలుస్తుండె. మా దిక్కు నుంచి కూతకు పోయిన్నంటే చాలు, గీత పక్కనుంచి మెల్లగ "బా తమ్మా, బా" అని చుట్టాన్ని పిలిచినట్టు పిలుస్తుండె. ఆ పిలుపుకు నాకు పిచ్చి కోపమొచ్చి ఇంక లోపలికి ఉరికి, దొరికిపోతుంటి. మ్యాచ్ అయినంక జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ. ముందు మాకే. మా పళ్లాల కాడ నిలబడి, "గట్టిగ తినున్రి. ఆకలైతుండె, గందుకే ఓడినం అని ఊర్ల చెప్తరు మల్ల" అంటుండె.

నా ఆఖరి మ్యాచ్ అయినంక నన్ను పక్కకు పిలిచిన్రు. "నువ్వు కుడి చెయ్యి ఏసే ముందు నీ ఎడమ భుజం కిందికి పోతది. అది చూసే మావోళ్లు నిన్ను పడుతున్నరు."

"ఎప్పటి నుంచి సార్?"

"నువ్వు వచ్చినప్పటి నుంచి."

"గీ ముచ్చట ముందే చెప్పొచ్చు కద సార్."

"నేనేమన్న మీ కోచ్‌నా?" అన్నరు. భుజం మీద చెయ్యేసి, ఎట్ల సరిచేసుకోవాల్నో నిలబెట్టి చూపిచ్చిన్రు. ఇప్పుడు ఫ్యాక్టరీ టీంల ఆడుతున్న. ఆ భుజం కిందికి పోతలేదు.

ఆయనా మా సారూ ఇద్దరు గ్రౌండ్ల గల్లా పట్టుకునేదాంక పోతుండిరి. "ఫౌల్" అని ఒకరు, "ఏం ఫౌల్, కండ్లు కనవడ్తలేవా" అని ఇంకొకరు. ఆట అయిపోంగనే ఒకటే స్కూటర్ మీద చాయ్‌కు పోతుండిరి. ఆయనకు మట్టి ఇచ్చే కాడ మా సారు ఏడ్వలే. స్కూటర్ కాడికి వచ్చినంక తాళంచెవి పెట్టరాక నిలబడి, "ఇగ ఎవని మీద గెల్వాలె రా?" అన్నరు.

ఆ పిల్లలు రోజు సాయంత్రం గ్రౌండుకు వస్తున్నరు, కని ఆదివారం మ్యాచ్‌కు రామంటున్నరు. "సారు లేకుంట ఎట్ల ఆడాలె అన్నా?" అని నన్నే అడిగిన్రు. వాళ్ల ప్రిన్సిపాల్ మా సారును రమ్మన్నరు. సారు సై అన్నరు. మన కమిటీకే కడుపుమంట. పిల్లలు రాకుంటే మనం ఆడకుంటనే గెలుస్తం. గదా మీకు కావాల్సింది?

నిన్న షిఫ్ట్ దిగి ఆ తొవ్వల పోతుంటే, వాళ్ల గ్రౌండ్ గోడ బయట మా సారు స్కూటర్ ఆపుకుని కూసున్నరు. లోపట పిల్లలు కూత పెడుతున్నరు. సారు చెవి పెట్టి ఇంటున్నరు.

"వీని దమ్ము మధ్యలనే తెగుతున్నది."

"లోపలికి పోయి చెప్పున్రి సార్."

"గేటు తొక్కొద్దన్నరు కదరా. గోడ మీదికెల్లి చూడొద్దనలే. స్కూటర్ పట్టుకో."

నేను పట్టుకున్న. ఆ వయసుల మనిషి సీటెక్కి నిలబడి, గోడ మీదికెల్లి తల పెట్టి, "ఏ పొడుగోడా, నడుం వంచు" అని గట్టిగ ఒర్రిన్రు. కూత ఆగింది. పిల్లలందరు ఇటు తిరిగిన్రు.

కమిటీ పెద్దలూ, మా సారు గేటుల నుంచే లోపలికి పోవాలె. గురువారం పొద్దుగూకేలోపల అవునో కాదో జవాబు చెప్పున్రి. చెప్పకుంటే ఆదివారం మా పాత టీం మొత్తం ఆ పిల్లల దిక్కే కూసుంటది. అప్పటిదాంక రోజు సాయంత్రం స్కూటర్ నేను పట్టుకుంట, మా సారు సీటు మీద నిలబడతరు.